చెవి బల్ల

మొదటి దెబ్బ దర్జీ కుడిచేతి మీద పడింది. ఆ చేయి కుట్టుమిషను చక్రం మీద ఉంది కాబట్టి, చేయి విరిగాక కూడా మిషను నాలుగు కుట్లు అదనంగా వేసి ఆగింది. రెండో దెబ్బ దవడ మీద పడింది. మూడోది ఎక్కడ పడిందో రోడ్డుకి ఇవతల తన షెడ్డులో నిలబడి చూస్తున్న వెల్డరుకి కనిపించలేదు. అప్పటికే దర్జీ మిషను కిందికి జారిపోయాడు, నలుగురి వీపులు అడ్డం వచ్చాయి.

ఆ నాలుగు వీపుల్లో ఒకటి వెల్డరు అల్లుడిది. దాని మీదున్న నీలం చొక్కాకి గుడ్డ కొన్నది వెల్డరు. కుట్టింది ఇప్పుడు మిషను కింద పడి ఉన్న దర్జీ. వాళ్ల చేతుల్లోని ఇనుప పైపులు కూడా ఆయనకి తెలిసినవే. పోయిన వారం అల్లుడు వచ్చి, "కొత్త పార్టీ ఊరేగింపు ఉంది మామయ్యా, జెండాలకి కావాలి" అంటే నలభై పైపులు కోసి ఇచ్చాడు. కోసిన అంచు పట్టుకున్నవాడి చేతిని గీరుతుందని ఒక్కోదానికీ గ్రైండరు పట్టి నున్నగా చేశాడు కూడా. ఎవరి చేతికీ దెబ్బ తగలకూడదని ఆయనకి అంత పట్టింపు.

దర్జీ చేసిన నేరమల్లా పాత పార్టీకి జెండాలు కుట్టడం. కొత్త పార్టీవి కుట్టనన్నాడా అంటే అదీ కాదు, వాళ్లు అడిగితేగా.

వెల్డరు ఒక ఇంటి గేటుకి ఊచలు అతుకుతున్నాడు. అరుపు వినగానే ముఖం మీది మాస్కు నుదుటి పైకి ఎత్తాడు. హోల్డరు మాత్రం చేతిలోనే ఉండిపోయింది.  చేయి అదుపు తప్పినప్పుడల్లా అందులోని రాడ్డు గేటుకి తగిలి తెల్లటి మంట భగ్గుమంటోంది. ఆ మంటని ఒట్టి కళ్లతో చూడొద్దన్నది ముప్పై ఏళ్లుగా పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ ఆయన మొదట చెప్పే మాట. ఆయన మంటని చూడటం లేదు, దర్జీ కొట్టునే చూస్తున్నాడు. కానీ ఆ వెలుగుకి ఇలాంటి తేడాలు పట్టవు, పక్కనుంచి కూడా కంట్లో దూరుతుంది.

అప్పుడొచ్చాడు దర్జీ తమ్ముడు. ఎక్కణ్ణుంచో పరిగెత్తుకొచ్చి, మిషను కింద రక్తంలో ఉన్న అన్నని చూసి, బల్ల మీది పెద్ద కత్తెర అందుకుని గుడ్డిగా తిప్పాడు. అల్లుడి మోచేతి మీద ఎర్రటి గీత పడింది. ముగ్గురు అతని మీద పడి కడుపులో తన్నారు. కింద పడ్డాక కూడా తన్నారు. పోలీసు జీపు వచ్చేసరికి కత్తెర తమ్ముడి చేతిలో ఉంది, పైపులు మురుగుకాలవలో ఉన్నాయి.

ఎస్సై రోడ్డు దాటి షెడ్డులోకి వచ్చాడు.

"ఎదురుగానే ఉన్నావుగా పెద్దాయనా. ముందు ఎవడు మొదలెట్టాడు?"

ఎస్సై భుజం మీదుగా అల్లుడు కనిపిస్తున్నాడు. మోచేయి పట్టుకుని, ఇటే చూస్తున్నాడు. వెల్డరు మాస్కు తీసి చేతిలో పట్టుకున్నాడు. అద్దం మీది మసి బొటనవేలితో తుడిచాడు.

"మాస్కు దించి ఉంది సార్. దించితే మాకు నిప్పు తప్ప ఇంకేం కనిపించదు."

"మరి అరుపులు?"

"గ్రైండరు రొదలో ఏం వినిపిస్తుంది సార్."

ఎస్సై రాసుకున్నాడు. కత్తెరతో దాడి, హత్యాప్రయత్నం, ఆత్మరక్షణలో జరిగిన తోపులాట. తమ్ముణ్ణి జీపులోకి ఎక్కించేటప్పుడు అతను వెల్డరు వైపు తిరిగి, "అన్నా, నువ్వు చూశావుగా! చెప్పన్నా!" అని అరిచాడు. కానిస్టేబుల్ లాఠీతో నోటి మీద ఒక్కటిచ్చాడు. జీపు వెళ్లిపోయింది. వెల్డరు మాస్కు దించి, గేటుకి మిగిలిన మూడు ఊచలూ అతికాడు. తర్వాత చూసుకుంటే మూడూ వంకరగానే ఉన్నాయి.

*

సాయంత్రం భోజనాల దగ్గర అల్లుడు ఆయన పక్కనే కూర్చున్నాడు. వాడి సెల్‌ఫోన్ల కొట్టు తగలబడిన దగ్గర్నుంచీ, అంటే రెండు నెలలుగా, కూతురూ అల్లుడూ ఈ ఇంట్లోనే ఉంటున్నారు. మోచేతికి కట్టు కట్టుకుని, ఇవాళ మామగారి కంచంలో తనే వడ్డిస్తున్నాడు.

"మీరు ఆ ఒక్క మాట అనబట్టి బయటపడ్డాను మామయ్యా. లేకపోతే ఇప్పుడు నేనుండేవాణ్ణి లోపల."

"తిను," అన్నాడు వెల్డరు.

రెండు ముద్దలు తిన్నాడో లేదో కళ్లలో ఎవరో ఇసుక పోసి రుద్దినట్టు మొదలైంది. నీళ్లు ధారగా కారుతున్నాయి. రెప్ప ఎత్తలేడు, దించితే ఇంకా మంట. తడుముకుంటూ వెళ్లి మంచం మీద పడ్డాడు. భార్య చల్లటి నీళ్లలో గుడ్డ తడిపి తెచ్చి కళ్ల మీద వేసింది. వెల్డరుకి ముప్పై ఏళ్లుగా భార్య అయిన మనిషి, ఇది ఏ జబ్బో డాక్టరు చెప్పాలా ఆమెకి? పొద్దున మంట చూస్తే సాయంత్రానికి కళ్లు కాలతాయి. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లకి అవుతుంది. ఈయనకి పెళ్లయ్యాక ఒక్కసారీ కాలేదు.

ఆమె గుడ్డ సరిచేస్తూ అడిగింది. "మాస్కు దించే ఉందని చెప్పారట?"

"ఊ."

"మరి కళ్లెందుకు కాలాయి?"

 గుడ్డ కింద రెప్పలు టపటపా కొట్టుకోవడం ఆమె వేళ్లకి తెలుస్తూనే ఉంది. ఆమె గుడ్డ తీసి, మళ్లీ తడిపి, పిండి, మళ్లీ వేసింది. ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే ఆయనకి కాస్త తేలిగ్గా ఉండేది.

*

మర్నాడంతా కళ్లకి గంతలతో పడుకున్నాడు. చూపు లేని మనిషికి చెవులే దిక్కు. ఆయన విన్నదంతా ఆయనకి ఇష్టం లేనిదే.

పొద్దున అల్లుడు వరండాలో స్నేహితులతో నవ్వుతూ చెప్పడం విన్నాడు. స్టేషన్లో దర్జీ తమ్ముడి అరికాళ్లు వాయగొట్టారట, ఇక మూణ్ణెల్లు కుంటుతాడట. మధ్యాహ్నం పాత పార్టీ వాళ్లు వచ్చారు. మొదటి రాయి కిటికీ అద్దానికి తగిలింది, రెండోది గోడకి, మూడోది కూతురికి. కూతురి కేక విని ఆయన మంచం దిగబోయి గుమ్మానికి తల కొట్టుకున్నాడు. బయట ఎవడో పెట్రోలు పెట్రోలని అరుస్తున్నాడు. అల్లుడు పైపు ఈడ్చుకుంటూ బయటికి ఉరికిన చప్పుడు, తర్వాత పైపు మాంసానికి తగిలే చప్పుడు, ఎవడో "అమ్మా" అన్న చప్పుడు. ఆ గొంతు ఏ పార్టీదో ఆయనకి తెలియలేదు. గంతలు కట్టుకుని వింటే 'అమ్మా' అన్న మాట ఎవరి నోట్లోంచి వచ్చినా ఒకేలా ఉంటుంది.

కూతురి నుదుటికి ఐదు కుట్లు పడ్డాయి.

సాయంత్రం పాస్టరుగారు వచ్చి మంచం పక్కన కూర్చున్నారు. ఆయన ఆయాసపడుతున్నారు. వీధి చివర టైర్లు తగలబడుతున్నాయని చుట్టూ తిరిగి వచ్చారు.

"వందనాలు అయ్యగారూ."

"వందనాలు. ఆదివారం ప్రభు బల్ల ఉంది, గుర్తుందిగా. దర్జీ ఆస్పత్రి నుంచి కబురు పంపాడు. చెవి బల్ల కావాలట."

చర్చి వెనక తలుపు పక్కన ఇద్దరు పట్టే పొట్టి చెక్కబల్ల ఒకటుంది. దాన్నే చెవి బల్ల అంటారు. సంఘంలో ఇద్దరి మధ్య మాటలు పోతే, ప్రభు బల్ల నాడు, అంటే అందరూ రొట్టె తీసుకునే ఆదివారం, ముందుగా ఆ బల్ల మీద కూర్చోవాలి. ఒకరు చెప్పాలి, రెండోవారు నోరు మెదపకుండా వినాలి, విన్నది తిరిగి అప్పజెప్పాలి. బాధ చెప్పుకున్నవారు 'అంతే' అంటేనే అయినట్టు. ఏదైనా వదిలేస్తే 'ఇంకా ఉంది' అంటారు, మళ్లీ చెప్పాలి. 'అంతే' అనేదాకా ఇద్దరికీ రొట్టె లేదు. పన్నెండేళ్లుగా పక్కన స్టూలు వేసుకుని ఆ బల్ల నడిపించేది వెల్డరే. ఒకసారి ఒక ప్రెషర్ కుక్కరు గురించి తోడికోడళ్లిద్దరు నాలుగు గంటలు కూర్చుంటే, పాస్టరుగారు ఆకలికి తాళలేక ఇంటికెళ్లి భోంచేసి వచ్చారు. వెల్డరు కదల్లేదు. ఆయన చెవి త్రాసులాంటిదని సంఘంలో అంతా అంటారు. ఆయనకీ ఆ మాట అంటే చచ్చేంత ఇష్టం.

"పార్టీ గొడవలకి చెవి బల్ల లేదని మనం అనుకున్నాం కదా అయ్యగారూ?"

"మనం కాదయ్యా, అన్నది నువ్వు. నేను తలూపాను. నాకూ భయమే కదా మరి."

వెల్డరు గంతలు సర్దుకున్నాడు. "ఎవరితో కావాలట? మా అల్లుడితోనా?"

"నీతో," అన్నారు పాస్టరుగారు.

*

ఆదివారానికి కళ్లు తెరుచుకున్నాయి గానీ ఎర్రగా ఉబ్బి, వెలుగు చూస్తే నీళ్లు కారుతున్నాయి. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని భార్య చేయి పట్టుకుని చర్చికి వెళ్లాడు. లోపల ఎడమవైపు వరసల్లో కొత్త పార్టీ కుటుంబాలు, కుడివైపు పాత పార్టీ కుటుంబాలు. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. ఎన్నికలు మొదలయ్యాక ఒక్కో ఆదివారం ఒక్కో కుటుంబం జరిగి జరిగి అలా తయారైంది. పాట మాత్రం అందరూ ఒకటే పాడారు. పాడుతూ ఒకవైపు వాళ్లు ఇంకోవైపు వాళ్ల చేతుల్లో ఏమున్నాయో చూసుకున్నారు.

దర్జీ వచ్చాడు. కుడిచేయి మోచేతి పైదాకా సిమెంటు కట్టు. దవడకి తీగ కట్టారు, పళ్లు విడవకుండా మాట్లాడాలి. వెల్డరు వెళ్లి చెవి బల్ల మీద అతని పక్కన కూర్చున్నాడు. ఇన్నేళ్లలో స్టూలు మీద కాకుండా బల్ల మీద కూర్చోవడం ఆయనకి ఇదే మొదలు. స్టూలు మీద పాస్టరుగారు కూర్చున్నారు. సంఘమంతా వెనక్కి తిరిగి చూస్తోంది. అల్లుడు అదే నీలం చొక్కాతో ఎడమవైపు గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

దర్జీ పళ్ల సందుల్లోంచి మెల్లగా చెప్పాడు.

"నేను జెండాలు కుట్టాను. డబ్బుకి కుట్టాను, ఇష్టంగానే కుట్టాను. నీ అల్లుడు వచ్చి నా చేయి విరగ్గొట్టాడు. తర్వాత మా తమ్ముడొచ్చాడు. ముందు కాదు, తర్వాత. రెండు నెలల కింద మీవాడి కొట్టు తగలబెట్టింది మా తమ్ముడే. అది నాకు ఆ రోజే తెలుసు. వాడి బట్టలు నేనే ఉతికించాను, కిరసనాయిలు వాసన పోవాలని. ఎవరికీ చెప్పలేదు. అది నా తప్పు. దానికి వాణ్ణి శిక్షించండి. చెయ్యనిదానికి కాదు. నువ్వు చూశావన్నా. చూసి, చూడలేదన్నావు."

కుడివైపు వరసల్లో గుసగుసలు లేచాయి. తమ్ముడి గుట్టు దర్జీ తన నోటితోనే బయటపెడతాడని వాళ్లు అనుకోలేదు.

వెల్డరు గొంతు సవరించుకున్నాడు. మనిషి బుద్ధి చూడండి, ముందు కొట్టు తగలబెట్టిన సంగతే ఎత్తుకున్నాడు, అదీ ఆఖరి వరసకి వినబడేంత గట్టిగా.

"మీ తమ్ముడు మా అల్లుడి కొట్టు తగలబెట్టాడు. నీకు తెలుసు, దాచావు. నువ్వు జెండాలు కుట్టావు. గొడవలో నీ చేయి విరిగింది."

"ఇంకా ఉంది," అన్నాడు దర్జీ.

"మా... మా అల్లుడు నీ చేయి విరగ్గొట్టాడు."

అల్లుడు గోడకి ఆనడం మాని నిటారుగా నిలబడ్డాడు.

"ఇంకా ఉంది."

"ఆ తర్వాతే మీ తమ్ముడు వచ్చాడు. తర్వాత. ముందు కాదు."

"ఇంకా ఉందన్నా."

ఇలాగే పన్నెండేళ్లుగా ఎంతమందితో ఆయన మళ్లీ మళ్లీ చెప్పించలేదు? 'ఇంకా ఉందట, మళ్లీ చెప్పు' అని స్టూలు మీద కూర్చుని ఎంత తీరిగ్గా అనేవాడు! ఈ బల్ల ఇంత ఇరుకని, కూర్చుంటే పక్కవాడి ఊపిరి చెవికి తగులుతుందని స్టూలు మీద కూర్చున్నవాడికి ఏం తెలుస్తుంది? ఆయన భార్య కోసం చూశాడు. ఆమె తల వంచుకుని చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

వెల్డరు నల్ల కళ్లద్దాలు తీసేశాడు. ఎర్రగా ఉబ్బిన కళ్లని అందరూ చూశారు. ఇనుప పని చేసేవాళ్లు ఆ సంఘంలో ఇంకో ఆరుగురున్నారు. వాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు.

"నేను చూశాను. మాస్కు ఎత్తే ఉంది. మొదటి దెబ్బ నుంచీ చూశాను. పోలీసులకి అబద్ధం చెప్పాను."

దర్జీ కళ్లు మూసుకున్నాడు. "అంతే," అన్నాడు.

ఆ తర్వాత ప్రశాంతత దిగివచ్చిందని చెప్పడానికి లేదు. కుడివైపు నుంచి "విన్నారా!" అని ఒక కేక లేచింది. ఆ కేకతో పాటే ముప్పై మంది లేచారు. బెంచీల మీంచి దూకి అల్లుణ్ణి గోడకి అదిమారు. ఎవడో కొవ్వొత్తుల ఇత్తడి స్టాండు తీసుకుని వాడి తల మీద కొట్టాడు. ఎడమవైపు వాళ్లు బెంచీల కిందినుంచి పైపులు తీశారు, నున్నటి అంచులున్న పైపులే. రొట్టె పళ్లెం కింద పడింది, దాన్ని తొక్కుకుంటూ రెండు పార్టీలూ కొట్టుకున్నాయి. వెల్డరు మాట నిజమా అబద్ధమా అన్నది వాళ్లెవరికీ అక్కర్లేదు. వాళ్లకి కావలసింది ఒక సాకు, అది దొరికింది.

వెల్డరు నీళ్లు కారే కళ్లతో, వాళ్ల కాళ్ల మధ్య పాకి, కింద పడ్డ నీలం చొక్కా మీద బోర్లా పడుకున్నాడు. వీపు మీద ఎన్ని పడ్డాయో లెక్క తెలియదు. రెండు పక్కటెముకలు విరిగాయని తర్వాత డాక్టరు చెప్పాడు. కింది నుంచి అల్లుడు, రక్తం నిండిన నోటితో, చెవి దగ్గరే అంటున్నాడు. "లే. నా మీంచి లే. నువ్వు నన్ను ముట్టుకోకు."

పెళ్లయిన దగ్గర్నుంచీ 'మీరు' తప్ప అనని అల్లుడు.

*

సోమవారం వెల్డరు స్టేషనుకి వెళ్లి, చూసింది చూసినట్టు రాయించి, సంతకం పెట్టాడు. దర్జీ తమ్ముడి మీద కత్తెర కేసు పోయింది. కొట్టు తగలబెట్టిన కేసు కొత్తగా వచ్చింది, దాని మీద బెయిలు దొరికింది. అన్న భుజం పట్టుకుని కుంటుకుంటూ ఇంటికెళ్లాడు. అతను ఖాళీ చేసిన లాకప్పు గదిలోనే, తలకి కట్టుతో అల్లుణ్ణి పెట్టారు. కూతురు తండ్రితో ఒకే ఒక్క మాట అంది. "ఇప్పుడు నీ త్రాసు సరిగ్గా ఉందా నాన్నా?" అని, నుదుటి మీది కుట్లు కనిపించేలా జుట్టు వెనక్కి లాక్కుని లోపలికి వెళ్లిపోయింది.

మంగళవారం మధ్యాహ్నం ఆయన మళ్లీ స్టేషనుకి వెళ్లాడు. పక్కటెముకలకి కట్టు, ఊపిరి తీసుకుంటే గుచ్చుతోంది. ఎస్సై పది నిమిషాలిచ్చాడు. లాకప్పు ముందు కుర్చీ లేదు. ఆయన చువ్వలు పట్టుకుని, మూలుగుతూ, నేల మీద చతికిలబడ్డాడు.

అల్లుడు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. తిరగకుండానే అన్నాడు. "ఎందుకొచ్చారు? ఇంకేమైనా చూశారా, రాయించడానికి?"

"వినడానికొచ్చాను."

వాడు పచ్చి బూతు తిట్టాడు. పక్క గదిలో దొంగ కూడా తలెత్తి చూశాడు. వెల్డరు ఆ బూతుని యథాతథంగా, ఒక్క అక్షరం వదలకుండా, తిరిగి చెప్పాడు. అరవై ఏళ్లలో ఆ మాట ఆయన నోట్లోంచి రావడం అదే మొదలు.

అల్లుడు లేచి కూర్చున్నాడు.

"నాకా మీ చెవి బల్ల? ఇప్పుడా? కొట్టు తగలబడ్డ రోజు మీ దగ్గరికే వచ్చాను. చొక్కా నిండా మసి. 'దర్జీ తమ్ముడి మీద అనుమానం మామయ్యా, ఇద్దర్నీ బల్ల మీద కూర్చోబెట్టండి, వాడు చెప్పేది వింటాను, నా బాధ వాడు వింటే చాలు' అన్నాను. అన్నానా లేదా?"

"అన్నావు."

"మీరేమన్నారు?"

"పార్టీ గొడవలకి చెవి బల్ల లేదన్నాను."

"ఎందుకన్నారు?"

వెల్డరుకి ఆ రోజు తన మాట ఎంత న్యాయంగా వినిపించిందో గుర్తొచ్చింది. సంఘంలో నలుగురూ మెచ్చుకున్నారు కూడా, సొంత అల్లుడని కూడా చూడలేదు, ఆయన త్రాసే త్రాసు అని.

"నా అల్లుడి పక్షం అంటారని. నా పేరు పోతుందని."

అల్లుడి దవడ కదిలింది. వాడు చువ్వల దగ్గరికి జరిగాడు, ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. కాసేపు మామగారి ఎర్రకళ్లలోకి చూశాడు.

"నా బాధ ఎవడూ వినలేదు. పార్టీ ఆఫీసులో విన్నారు. వాళ్లు కుర్చీ వేశారు, నీళ్లిచ్చారు, విన్నారు. విని చేతికి పైపిచ్చారు. చెప్పండి, తిరిగి చెప్పండి."

వెల్డరు మెల్లగా, పక్కటెముకలు గుచ్చుతున్న చోట ఆగి ఆగి, చెప్పాడు. "నీ కొట్టు కాలింది. మసి చొక్కాతో నా దగ్గరికొచ్చావు. నేను వినలేదు. నా పేరు చూసుకున్నాను. వాళ్లు విన్నారు. విని నీ చేతికి పైపిచ్చారు." బొటనవేలితో చువ్వని తడిమాడు. "ఆ పైపు కోసింది నేను."

అల్లుడి కళ్లు నిండాయి. ఆ నీళ్లు తుడుచుకోలేదు.

"ఇంకా ఉంది," అన్నాడు.

"చెప్పు."

"దర్జీ చేయి... మొదటి దెబ్బ నేను కొట్టినప్పుడు ఆయన తలెత్తి నా చొక్కా చూశాడు మామయ్యా. ముఖం కాదు. తను కుట్టిన చొక్కా చూశాడు."

బూట్ల చప్పుడైంది. ఎస్సై వచ్చి గోడ గడియారం చూపించాడు. "పది నిమిషాలయింది పెద్దాయనా. ఇక లే."

వెల్డరు చువ్వలు వదల్లేదు. తల తిప్పకుండానే జవాబు చెప్పాడు.

"మా అల్లుడు ఇంకా 'అంతే' అనలేదు సార్."